అక్షరములు నేర్పు గురువు : ఆతని శిక్షణము, ఆతని పట్టా

విద్యాదానమునకు మించిన దానము లేదని మన పెద్దలు నుడివియున్నారు. ఆ మాటను శిరసావహించియే ఇరువదవ శతాబ్దపు ఆరంభమునుండి తెలుగుదేశమున ఆయా కులముల పెద్దలు సంఘములను స్థాపించి, వసతిగృహములను కట్టించి, విద్యార్థి వేతనముల నేర్పరచిరి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి వసతిగృహము ఇట్టి ప్రయత్నములలో సుప్రసిద్ధము. మన సంఘమును ఆ త్రోవనే నడచుచున్నది. ఇది మనకు గర్వకారణమే.

కాని మహాజనులు ఒక్క విషయము ఆలోచింపవలయును. వసతిగృహపు గడప త్రొక్కు బాలుడు ఎవడు? అప్పటికే చదువ నేర్చినవాడు. ఒకటవ తరగతిలో అక్షరములు పట్టుబడక, మూడవ తరగతిలో వాక్యమును కూడబలుకుకొనలేక, అయిదవ తరగతి దాటకమునుపే చదువుపై ఆశ వదలుకొన్న బాలుడు మన వేతనమునకు దరఖాస్తు పెట్టడు. వాని పేరు మన పట్టికలలో ఎన్నడును కనబడదు. అట్టి బిడ్డను నిలువబెట్టగల శక్తి మొట్టమొదట అక్షరములు నేర్పు గురువునందు కలదు. ఆ గురువును తీర్చిదిద్దుటకును, అతడు యోగ్యుడని పత్రమిచ్చుటకును మన దేశమున రెండువందల యేండ్లుగా జరిగిన ప్రయత్నముల చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా విన్నవించెదను.

వీధిబడి పంతులు

పూర్వము వీధిబడి పంతులకు ప్రభుత్వమిచ్చిన పట్టా లేదు. ఊరివారి నమ్మికయే ఆతని పట్టా. ఆనాటి బడుల తీరును స్పష్టముగా తెలుపు నివేదిక యొకటి మనకు దక్కినది. బళ్లారి మండలపు కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ దొరగారు 1823వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన దానిని వ్రాసిరి. ఈయన తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన పండితుడు. నేటి అనంతపురపు సీమయు ఆనాడు బళ్లారి మండలములోనే చేరియుండెను. ఆ మండలమున 533 బడులును, వానియందు 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్క తేల్చిరి.

ఉదయము ఆరు గంటలకే బడి మొదలగును. అందఱికంటె ముందు వచ్చిన బాలుని అఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ మీద వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి అధికము. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు నేర్చుకొందురు. చదువులో ముందున్నవారు వెనుకనున్నవారికి చెప్పుదురు. తక్కువ వ్యయముతో వ్రాత నేర్పు ఈ విధానమును క్యాంబెల్ గారు మెచ్చుకొని, ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగియే యున్నదనిరి.

ఆ అనుకరణ కథయు తెలియదగినది. మద్రాసులో ఎగ్మూరునందలి అనాథ బాలుర శరణాలయమునకు 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను క్రైస్తవాచార్యుడు, ఒక దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన శరణాలయమున ప్రవేశపెట్టెను. స్వదేశమునకు మరలిన పిమ్మట 1797లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. పిల్లలచేత పిల్లలకు చెప్పించు ఆ పద్ధతి ‘మద్రాసు పద్ధతి’ యను పేరనే ఇంగ్లండున వ్యాపించెను. మన వీధి అరుగులమీది విద్య సముద్రము దాటి కీర్తి గడించినదన్నమాట.

ఐనను క్యాంబెల్ గారు మెచ్చుకొని ఊరకుండలేదు. ఆ బడులకు రెండు పెద్ద లోపములు కలవని వ్రాసిరి. చదివించు పుస్తకముల స్వభావము మొదటి లోపము. సమర్థులైన గురువులు లేకుండుట రెండవది. పద్యకావ్యముల భాష వాడుక మాటలకు మిక్కిలి దూరము. పిల్లవాడు వందలకొలది పద్యములు అప్పగించును గాని, చిలుకకు తన పలుకుల యర్థము తెలియనట్లే వానికిని తెలియదు. పలుమాఱు గురువునకును తెలియదు. చదువుట యనగా అక్షరమును పలుకుట మాత్రమే కాదు, అర్థమును గ్రహించుట యనెడి ప్రశ్న తెలుగు బడులకు సంబంధించి ఇంత స్పష్టముగా ప్రభుత్వ లేఖలకెక్కినది ఈ నివేదికయందే.

మన్రో గారి యోచన

క్యాంబెల్ గారి నివేదిక మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో గారు 1822లో ఆజ్ఞాపించిన విచారణకు వచ్చిన ప్రత్యుత్తరములలో నొకటి. అన్ని మండలముల లెక్కలును కూడిన పిమ్మట మన్రో గారు 1826వ సంవత్సరము మార్చి 10వ తేదీన తమ యభిప్రాయమును వ్రాసిరి. రాజధాని యంతట 12,498 బడులు కలవనియు, జనసంఖ్య 1,28,50,941 అనియు, అనగా వేయిమందికి సుమారొక బడి చొప్పున నున్నదనియు తేలెను.

విద్య హీనస్థితిలో నుండుటకు ఆయన చూపిన కారణము మనము నేటికిని మనసున నుంచుకొనదగినది. పంతులకు నెలకు ఆఱేడు రూపాయలకంటె ఎక్కువ రాదు. అంతమాత్రమునకు తగిన యోగ్యత కలవారు ఈ వృత్తికి రారు. కావున గురువులను తయారుచేయుటకు మద్రాసున ఒక పాఠశాల యుండవలెననియు, ప్రతి తహశీలునందును ఒక బడి నేర్పఱచి దాని యుపాధ్యాయునకు నెలకు తొమ్మిది రూపాయలును, కలెక్టరేటు బడి యుపాధ్యాయునకు పదునైదు రూపాయలును ఇయ్యవలెననియు ఆయన నిర్ణయించిరి. ఆ సంవత్సరమే విద్యావిచారణ సంఘము ఏర్పడెను. కాని 1827 జూలై 6వ తేదీన మన్రో గారు పత్తికొండలో కలరా సోకి మరణించిరి. ఆ పిమ్మట ఆ బడులు ఆదరణ లేక క్షీణించి 1836లో ఎత్తివేయబడెను. గురువునకు ముందు శిక్షణము, తరువాత ఉద్యోగము అను క్రమము మన సీమలో మొదట ఊహింపబడినది ఇట్లు. పదేండ్లకే అంతరించినది ఇట్లు.

నార్మల్ పాఠశాలలు

1854 జూలైలో వచ్చిన వుడ్ గారి విద్యాపత్రము ఈ ప్రశ్నను మరల లేవదీసెను. గురువులకు శిక్షణపాఠశాలలు ఉండవలెననియు, శిక్షణ పొందినవారికి యోగ్యతాపత్రము లియ్యవలెననియు అందు విధించిరి. తత్ఫలితముగా 1856లో మద్రాసున ప్రభుత్వ నార్మల్ పాఠశాల వెలసెను. అదియే కాలక్రమమున సైదాపేట ఉపాధ్యాయ కళాశాలయైనది. తెలుగు మండలములకు రాజమహేంద్రవరమున 1894లో ప్రభుత్వ శిక్షణ కళాశాల ఏర్పడెను. పంతులు చేతికి పట్టా వచ్చెను.

ఆ కాలముననే మఱొక పద్ధతియు అమలులోనికి వచ్చెను. పరీక్షాధికారి బడికి వచ్చి పిల్లలచేత చదివించి, వ్రాయించి, లెక్కలు చేయించి, ఎందఱు గట్టెక్కిరో చూచి, ఆ ఫలితమును బట్టి బడికి ధనసహాయము నిర్ణయించును. వినుటకు న్యాయముగనే యున్నది. జరిగినది వేఱు. పంతులు వాచకమును పిల్లలచేత వల్లె వేయించెను. అధికారి యెదుట వారు పుట తిప్పుచు అప్పగించిరి. పిల్లవాడు చదువుచున్నాడో, కంఠస్థమును వినిపించుచున్నాడో తెలిసికొనుటకు సాధనము లేకపోయెను. ఇంగ్లండునను ఇదే పద్ధతి ఇదే దోషమును పుట్టించినది. 1904 నాటి భారతప్రభుత్వ విద్యాతీర్మానము ఈ పద్ధతిని నిరసించి, గురువుల శిక్షణమునకు ప్రాధాన్య మిచ్చెను. ఫలితమును మాత్రమే కొలిచి, నేర్పు విధమును విడిచినచో పరీక్షకు తగిన నటనయే పెరుగునని ఇందువలన తేలినది.

గిడుగువారి ప్రశ్న

క్యాంబెల్ గారు చూపిన మొదటి లోపము, అనగా పుస్తకపు భాషకును బిడ్డ భాషకును నడిమి యెడము, ఎనుబదియేండ్లు గడచినను తీరలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు 1906-07 ప్రాంతమున దానిని చేపట్టిరి. ఆ ప్రాంతపు పాఠశాలల పర్యవేక్షకుడు జె. ఏ. యేట్సు దొర, విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాలకు అధ్యక్షులుగా నుండిన పి. టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు ఈ విచారణకు తోడైరి. పంతులు నోట పలుకు తెలుగొకటి, పుస్తకమున బోధించు తెలుగు వేఱొకటి ఐనప్పుడు పసిబిడ్డ దేనిని పట్టుకొని చదువ నేర్చుకొనును అనునది వారి ప్రశ్న.

భాషావివాదముగా ఈ చరిత్రము అందఱికిని తెలిసినదే. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపితమై గ్రంథభాషాపక్షమును వహించుటయు ప్రసిద్ధమే. కాని మూలమున అది ఉపాధ్యాయుల శిక్షణకు సంబంధించిన ప్రశ్నయని మనము మఱచితిమి. రామమూర్తిగారు సవరల భాషను తాము స్వయముగా నేర్చుకొని, ఆ బిడ్డలకు వారి మాటలలోనే వాచకములు సిద్ధము చేసిరి. బిడ్డ యింటి మాట తెలియని గురువు ఆ బిడ్డకు అక్షరము చెప్పజాలడని వారు చేతలలో చూపిరి. గ్రంథభాషయందు అభిమానము కల మాబోటివారును ఈ సత్యమును కాదనజాలరు. గ్రంథభాష మేడవంటిది, వాడుకమాట దానికి మెట్టు.

నిజాము రాష్ట్రమున అనుమతి

ఇక మన హైదరాబాదు సంగతి. నిజాము పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు అదియే. తెలుగు బిడ్డకు తెలుగు నేర్పు బాధ్యతను చాలవఱకు ప్రజలే తమపై వేసికొనిరి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. భాగ్యరెడ్డివర్మగారు 1910 మొదలు ఈసామియా బజారు మున్నగు చోట్ల ఆదిహిందువుల బిడ్డలకు బడులు తెఱచిరి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో ఆంధ్ర బాలికల పాఠశాలను నెలకొల్పిరి. అచట బోధన తెలుగున జరుగుటచే, ఆ బాలికలను పూనాయందలి కార్వే మహాశయుని మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పంపవలసివచ్చెను. సొంత నగరమున చదివిన తెలుగు చదువునకు పరాయి నగరమున ముద్ర వేయించుకొనవలసిన కాల మది.

ఇట్టి సమయమున, 1924 ప్రాంతమున, ముందుగా ప్రభుత్వానుమతి పొందనిదే ఎవ్వరును ఖాన్గీ బడిని తెఱువరాదను నిబంధన వచ్చెను. పలు గ్రామములందలి వీధిబడులు మూతపడెను. ఆంధ్రోద్యమ నాయకులు దీనిని తీవ్రముగా నిరసించిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన నిజామాంధ్ర మహాసభల కోరికలలో ప్రాథమికవిద్యయు, మాతృభాషలో బోధనయు ముఖ్యమైనవి.

పాఠకులు ఈ భేదమును గమనింతురు గాక. మద్రాసు రాజధానిలో పట్టా గురువు నేర్పును ధ్రువపఱచుటకు పుట్టినది. నిజాము రాష్ట్రమున అనుమతి బడిని అదుపునం దుంచుటకు వచ్చినది. రెండింటికిని కాగితమే ఆధారము. ఆ కాగిత మెవరి మేలునకు అనునదే ప్రశ్న. బిడ్డ మేలునకు కానిచో, ఎంతటి ముద్ర వేసినను అది కాగితమే.

స్వాతంత్ర్యానంతరము

స్వరాజ్యము వచ్చిన పిమ్మట బడులు పెరిగెను, పంతుళ్లు చాలరైరి. 1980 తరువాతి దశాబ్దమున మన రాష్ట్రమున నెలకు 398 రూపాయల గౌరవవేతనముపై ప్రత్యేకోపాధ్యాయులను నియమించిరి. వారిని జనులు ‘398 టీచర్లు’ అనియే పిలిచిరి. గురువునకు ఆతని జీతపు అంకెయే పేరగుట కంటె విచారకర మేమి కలదు? మన్రో గారు ఆఱేడు రూపాయలనుగూర్చి పలికిన మాట నూటయరువది యేండ్లకును చెల్లుచుండెను.

మేలును జరిగినది. 1984లో బ్రిటిషువారి సహాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము వేలకొలది ఉపాధ్యాయులకు పనిచేయుచు నేర్పు విధానమును అలవఱచెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణసంస్థ, అనగా డైట్, వెలసెను. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి శాసనము 1993లో వచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టముననుసరించి 2010 ఆగష్టు 23న ఆ మండలివారు ఉపాధ్యాయ అర్హత పరీక్షను, అనగా టెట్ ను, విధించిరి. ఉమ్మడి రాష్ట్రమున మొదటి టెట్ 2011 జూలైలో జరిగెను. తెలంగాణ రాష్ట్రమున మొదటిది 2016 మే నెలలో. 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీము కోర్టువారు, ఉద్యోగవిరమణకు అయిదేండ్లకంటె ఎక్కువ గడువున్న పాత యుపాధ్యాయులును రెండేండ్లలో ఈ పరీక్షయందు ఉత్తీర్ణులు కావలెనని తీర్పు చెప్పిరి. నడివయసు దాటిన గురువులు ఎందఱో మరల పుస్తకములు ముందు పెట్టుకొని కూర్చుండవలసివచ్చెను.

పట్టాలో లోపించినది

ఈ పరీక్ష యేమి అడుగును? ఒకటి మొదలు అయిదు తరగతులు చెప్పువారికి నూటయేబది ప్రశ్నలు, నూటయేబది మార్కులు. శిశువికాసము, తెలుగు, ఆంగ్లము, గణితము, పరిసరవిజ్ఞానము, ఒక్కొక్కటికి ముప్పది. తెలుగునకు చెందిన ముప్పదిలో ఇరువదినాలుగు సాహిత్య వ్యాకరణాది విషయజ్ఞానమునకు. ఆఱు మాత్రమే బోధనపద్ధతికి. సంధి పేరు తెలియనివాడు తప్పును. బిడ్డకు గుణింతము ఎందులకు పట్టుబడుటలేదో తెలియనివాడు గట్టెక్కవచ్చును.

చదువ నేర్పుట ఎంతటి విద్యయో ఇచ్చట కొంచెము వివరించుట యవసరము. ఆంగ్లమునకు ఇరువదియాఱు అక్షరములు. మనకు ఏబదియాఱు, వానికి గుణింతములు, ఒత్తులు చేరి వందలకొలది రూపములు. కన్నడము వంటి సోదరలిపులపై జరిగిన పరిశోధనలు, ఈ రూపము లన్నియు బిడ్డకు పూర్తిగా వశమగుటకు నాలుగైదేండ్లు పట్టునని చూపినవి. ఒకటవ తరగతిలో అచ్చులు హల్లులు అప్పగింపజేసి పని తీరెననుకొను గురువు మార్గమధ్యమున బిడ్డను విడిచినవాడగును. బిడ్డ ‘ప’ను ‘వ’ యని చదివినచో అది కంటి తప్పు. ‘భ’ను ‘బ’ యనినచో చెవి తప్పు కావచ్చును. ‘అమ్మ’ యని చదివి ‘తమ్ముడు’ వద్ద ఆగినచో, వాడు ఒత్తును చదువలేదు; ‘అమ్మ’ను బొమ్మవలె గుర్తుపట్టినాడు. సొరకాయ బొమ్మ క్రింద ‘ఆనపకాయ’ యని వ్రాసియుండగా ‘సొరకాయ’ యని చదివిన బిడ్డ అర్థమును పట్టుకొనెను, అక్షరమును విడిచెను. ఈ నాలుగు తప్పులకు నాలుగు మందులు. తప్పును విని రోగ మెఱుగుటయే మొదటి గురువు పాండిత్యము. ఇది పుట్టుకతో రాదు. నేర్పవలయును, నేర్చినదో లేదో పరీక్షింపవలయును.

అమెరికాయందు మాసచూసెట్సు రాష్ట్రమున 1839లోనే లెక్సింగ్టను పట్టణమున ప్రభుత్వ నార్మల్ పాఠశాల తెఱవబడెను. ఆ రాష్ట్రమున ప్రాథమికోపాధ్యాయుని పట్టాకు, చదువ నేర్పు విధమునుగూర్చి ప్రత్యేకముగా ఒక పరీక్షనే విధించిరి. మనకును అట్టిది వలయును. 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ పథకము, 2022లో తెలంగాణమున ఆరంభమైన తొలిమెట్టు ఈ దారిని చూపుచున్నవి. మూడవ తరగతి ముగియునప్పటికి బిడ్డ నిమిషమునకు కనీసము అరువది మాటలు అర్థము తెలిసి చదువవలెనని నిపుణ్ గుఱి. ఎంత దూరమున నున్నామో 2024 నాటి అసర్ నివేదిక చెప్పును: దేశమంతట ప్రభుత్వ బడులలో మూడవ తరగతి పిల్లలు నూటికి 23.4 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. 2022లో ఆ సంఖ్య 16.3. కొంత మెఱుగే, చాలదు.

మన కర్తవ్యము

ఈ చరిత్ర మంతయు పఠించినచో ఒక్క సత్యము తోచును. ఊరి నమ్మికయు, ప్రభుత్వ పట్టాయు, ఫలితపు కొలతయు, అర్హత పరీక్షయు గురువు చుట్టు తిరిగినవి. గురువు ప్రక్కన కూర్చుండి, బిడ్డ చదువుచుండగా విని, ఎట్లు నేర్పవలెనో చూపినవారు తక్కువ.

కృష్ణానగరమున చలనచిత్ర పరిశ్రమలో దినకూలికి పనిచేయు కుటుంబములు ఎన్నో కలవు. కోస్తా, సీమ, తెలంగాణ మాటలు ఒకే సందులో వినవచ్చును. అట్టి తరగతిగది గురువునకు గొప్ప పరీక్ష. దాపుననే అమీరుపేటలో గోడలనిండ శిక్షణకేంద్రముల ప్రకటనలు. ప్రతి యుద్యోగమునకును శిక్షణ దొరకు ఆ వీధులకు కూతవేటు దూరమున, బిడ్డకు మొదటి వాక్యము చదివించు శిక్షణ యెచట దొరకునని మనము అడుగవలదా?

మన సంఘపు పోషకులకు మూడు విన్నపములు. ప్రాథమికోపాధ్యాయ శిక్షణకు పోవు మన యువతీయువకులకు వైద్యమునకు, ఇంజనీరింగునకు పోవువారితో సమానముగా వేతన మియ్యుడు. ఆ వృత్తి తక్కువదను భావము మన యిండ్లనుండియే తొలగవలెను. రెండవది: వార్షికసభలలో ప్రథమశ్రేణి విద్యార్థులతో పాటు, ఒకటవ రెండవ తరగతుల బిడ్డలను చదువరులుగా తీర్చిన గురువులను, ఏ కులమువారైనను, వేదికపై సత్కరింపుడు. మూడవది: బడికి గోడయు గేటును కట్టించు దాతలు, చిన్నపిల్లలు చదువదగిన చిన్న పుస్తకములకును కొంత సొమ్ము కేటాయింపుడు. చదువుటకు పుస్తకము లేనిచోట గురువెంతటివాడైనను నిస్సహాయుడే.

వీనికన్న ముందు, ఖర్చు లేని పని యొకటి కలదు. నేడే ఇంటికి పోయి, మన బిడ్డనో, మన యింట పనిచేయు నామె బిడ్డనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, క్రొత్త పుట నొకదానిని తెఱచి, ఒక్క నిమిషము చదువుమని వినుడు. ఆ నిమిషమున మీకు తెలియునది ఏ పట్టాయందును వ్రాసియుండదు. అది తెలిసినవారు మన సంఘమున నూర్గు రైనను ఉన్నచో, బడి యొద్ద అడుగవలసిన ప్రశ్న వారికి తోచును. ప్రభుత్వమువారి యొద్ద కోరవలసిన కోరికయు తోచును. అట్టివారు మన సంఘమున నానాటికి పెరుగుదురు గాక యని కోరుచు విరమించుచున్నాను.